తుమ్మితే నూరేళ్లు

చంటివాడు తుమ్మగానే ఆయా పైడమ్మ అలవాటుగా వాడి తల నిమిరి, "నూరేళ్లు!" అంది.

ఇడ్లీ తింటున్న హిమజ చటుక్కున తలెత్తింది. "అదేం దీవెన, పైడమ్మా? మావాడి పట్టీ చూడు, నూట పద్దెనిమిది. నువ్వు పద్దెనిమిదేళ్లు కోసేశావు."

"తప్పయిపోనాదమ్మగారూ," అని పైడమ్మ లెంపలేసుకుంది. నూరు తక్కువవుతుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఎవరెన్నేళ్లు బతుకుతారో చూపించే ఈ చేతిపట్టీలు వచ్చి చాలాకాలమైంది. ఇంటి సంపాదన పెరిగితే అంకె పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఎండకీ వానకీ అలవాటుపడ్డట్టే జనం దానికీ అలవాటుపడిపోయారు. హిమజకు ప్రమోషన్ వచ్చినప్పుడు పిల్లవాడి అంకె రెండు పెరిగింది. ఆ వేళ అపార్ట్‌మెంటులో గుమ్మం గుమ్మానికీ తిరిగి స్వీట్లు పంచింది పైడమ్మే.

సాయంత్రం ఆమె కంచరపాలెంలోని తన ఇంటికి చేరేసరికి, కూతురు గౌరి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి పోపు వేస్తోంది. మిరపకాయల ఘాటుకి గట్టిగా తుమ్మింది.

"నూ..." అని పైడమ్మ ఆగిపోయింది. గరిటె పట్టుకున్న చేతికి పట్టీ మెరుస్తోంది. యాభై తొమ్మిది.

"ఏటమ్మా, ఆగిపోనావు?"

"ఏం లేదే. ఉత్తినే అబద్ధం ఎందుకని."

గౌరి పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "అనెయ్యమ్మా. పట్టీకి చెవుల్లేవు."

పైడమ్మ అంది. వీధి వీధంతా వినబడేలా అంది.