ఎదురుగా ఒక మనిషి

"కట్!" అన్నాడు కెమెరా వెనక నుంచి రవికిరణ్. "మేడం, మీరు పాఠం చెప్తలేరు. అప్పజెప్తున్నరు."

రసజ్ఞ చాక్‌పీసు కిందికి దించింది. మాదాపూర్‌లో ఒక గాజు భవనం. అందులో గోడలకు నల్ల స్పాంజి అతికించిన చిన్న గది. ఒక బోర్డు, రెండు లైట్లు, ఒక కెమెరా. సైన్సు, చరిత్ర, లెక్కలు, ఏ ఊరి పిల్లలైనా పైసా కట్టకుండా ఫోన్లో చూసుకునే పాఠాలన్నీ ఆ గదిలోనే తయారవుతాయి. ఇవాళ రసజ్ఞ చెప్పాల్సింది ఐదో తరగతి భిన్నాలు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగంలోనే గొంతు ఎండిపోతోంది.

"మన పెద్దసారు ఉదయ్ భాస్కర్ ఫోన్ చేసిండు," అన్నాడు రవికిరణ్. "ఇయ్యాల గూడ కాకుంటే బొమ్మలేసి కంప్యూటర్ గొంతు పెట్టేస్తరంట. మిమ్మల్ని ఇంక రావద్దన్నడు. అదైతే మంచినీళ్లు గూడ అడగదంట."

"కంప్యూటర్ గొంతుతో చెబితే పిల్లలు వింటారా అండీ?"

"నిజం చెప్పాల్నా? ఇప్పుడు మీ గొంతు దానికన్న అధ్వానంగుంది. జర ఫీల్ గాకుండ్రి."

రసజ్ఞకు కోపం రాలేదు. అతను చెప్పింది నిజమే.

"ఆ లెన్సులో నాకు నా ముఖమే కనబడుతోందండీ. అర్థమైందా అని అడుగుతాను. ఎవరూ ఏమీ అనరు. ఎదురుగా ఒక్క మనిషి కూర్చుంటే చెప్పగలను. మీరు వింటారా?"

"నేను కెమెరా జూడాల్నా, మిమ్మల్ని జూడాల్నా? ఎవర్నన్న తెచ్చుకోండ్రి. ఒక్కటే చాన్సు."

రసజ్ఞ బయటికి వచ్చింది. హాలు నిండా మనుషులున్నారు, అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. మొదటి సీట్లో నీహారిక దగ్గర నిలబడితే ఆమె "కాల్‌లో ఉన్నా" అని పెదవులతోనే అంది. పక్క సీట్లో అవినాష్ మాత్రం హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి పక్కకు జరిపి విన్నాడు.

"ఐదో తరగతి భిన్నాలా? అప్పుడే అర్థం కాలేదండీ. ఇప్పుడు కూడా కాకపోతే పరువు పోతుంది," అని నవ్వి మళ్లీ తెర వైపు తిరిగాడు.

చేరిన దగ్గర్నుంచీ వాళ్లిద్దరితో ఆమె మాట్లాడింది అదే మొదటిసారి.

కారిడార్ చివర ఒకామె వంగి నేల తుడుస్తోంది. నీలం యూనిఫాం. మెడలో వేలాడే కార్డు మీద పేరు, పుణ్యవతి. రసజ్ఞ చదువుకున్న బడిలోనూ ఒక పుణ్యవతి ఉండేది, పక్క బెంచీ. ఆ పేరు చూడగానే కాస్త ధైర్యం వచ్చింది.

"పుణ్యవతక్కా, కాసేపు వచ్చి కూర్చుంటావా? నేను పాఠం చెబుతా, నువ్వు వింటే చాలు."

ఆమె బకెట్ వైపు చూసింది. సూపర్‌వైజర్ గది వైపు చూసింది.

"నేను చెప్తాలే అక్కా వాళ్లకి," అంటూ రసజ్ఞ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేసింది. కెమెరా వెనక ఎత్తు స్టూలు వేసి, సరిగ్గా లెన్సు పైన ముఖం కనబడేలా కూర్చోబెట్టింది. ఎవరు మాట్లాడినా రికార్డింగులో పడుతుంది కాబట్టి రవికిరణ్ పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె కూడా తన పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్లతో నవ్వింది.

"పిల్లలూ, ఇదిగో రొట్టె," అంటూ రసజ్ఞ బోర్డు మీద గుండ్రంగా గీసింది. "తినేవాళ్లు ముగ్గురు. మూడు ముక్కలు చేశాం. ఇంతలో మామయ్య దిగాడు. మరి మామయ్యకి పెట్టొద్దా?"

పక్కనే ఇంకో రొట్టె గీసి నాలుగు ముక్కలు చేసింది. పెద్ద ముక్క లాక్కోబోయే మామయ్యలా చెయ్యి చాపి, ఎవరో ఆ చేతి మీద కొట్టినట్టు వెనక్కి తీసుకుంది. పుణ్యవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక రసజ్ఞ కాగితం మీద రాసుకున్నదంతా మరిచిపోయింది.

"మూడు కంటే నాలుగు పెద్దది కదా. మరి మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా?" అంటూ రెండు రొట్టెల్లోనూ ఒక్కో ముక్క మీద చాక్‌పీసు పెట్టి, ఏది పెద్దదన్నట్టు చేతులు చాపి చూపించింది.

పుణ్యవతి రెండు బొమ్మలూ చూసి, మూడు ముక్కల రొట్టె వైపు వేలు చూపించింది.

"అదీ! పంచుకునేవాళ్లు పెరిగితే ముక్క చిన్నదవుతుంది. మరి ఒక్కరే ఉంటే? రొట్టె మొత్తం మనదే." రసజ్ఞ గొంతు కొంచెం తగ్గింది. "కానీ ఒక్కళ్లమే కూర్చుని తినాలి."

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. పుణ్యవతి నవ్వడం ఆపి, నెమ్మదిగా తల ఊపింది.

పాఠం ఎక్కడా తడబడకుండా చివరిదాకా నడిచింది.

"ఏక్ నంబర్ మేడం!" రవికిరణ్ అప్పుడే ఫోన్ తీశాడు. "సార్, కంప్యూటర్ గొంతు వద్దు. పనైపోయింది."

రసజ్ఞ వెళ్లి పుణ్యవతి రెండు చేతులూ పట్టుకుంది. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు.

"అక్కా, నీ వల్లే చెప్పగలిగాను. ఇంత బాగా నా మాట ఎవరూ వినలేదు. ఎక్కడ బాగా అర్థమైంది నీకు?"

పుణ్యవతి ఆమె ముఖంలోకి చూసింది. తరువాత రవికిరణ్ వైపు తిరిగి, హిందీలో ఏదో మెల్లగా అడిగింది. రవికిరణ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఏమంటోందండీ?"

"ఒడిశా నుంచి వచ్చిందంట మేడం. తెలుగు ఒక్క ముక్క రాదంట. ఈ ఊరొచ్చినంక తన మొఖం చూసుకుంట ఇంతసేపు ఎవ్వరు మాట్లాడలేదంట. రేపు గూడ మాట్లాడతరా అని అడుగుతున్నది."