రాజీకి వచ్చిన లోరెట్టా

కార్మాడీ గేటు ముందు పికప్ ఆపి, లోరెట్టా కాసేపు దిగకుండా కూర్చుంది. ఆ మనిషి మొహం చూడాలంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఏడాది గడిచినా ఆ మంట చల్లారలేదు.

హంబోల్ట్ కొండల్లో గంజాయి సాగుకు చట్టం అడ్డు లేదు, అందరూ పండిస్తారు. లోరెట్టా మాత్రం పన్నెండేళ్లు కష్టపడి ఒక కొత్త రకాన్నే పుట్టించింది. అందులో అఫ్ఘాన్ కొండజాతి పాలు ఎక్కువ, పొడుగ్గా పెరిగే మెక్సికన్ జాతి పాలు తక్కువ. మొక్క పొట్టిగా ఉంటుంది. ఆకు అరచేయంత వెడల్పు. పూగుత్తి గట్టిగా, బిగువుగా వస్తుంది. రాత్రులు చల్లబడితే ఊదారంగు తిరుగుతుంది. సముద్రం మీంచి పొగమంచు దిగి అందరి పంటా బూజు పట్టేలోగా, ఇది కోతకొచ్చేస్తుంది.

తల్లికి జబ్బు చేసి లోరెట్టా పట్నం ఆసుపత్రిలో ఉండిపోయినప్పుడు, మొక్కలకు నీళ్లు పెడతానన్నది పక్క కొండ డెనిస్ కార్మాడీ. నీళ్లు బాగానే పెట్టాడు. తల్లిమొక్క నుంచి కొమ్మలు కూడా బాగానే కోసుకుపోయాడు. కొమ్మ నాటితే అదే మొక్క మళ్లీ లేస్తుంది. దానికి కార్మాడీ కుష్ అని తన పేరే తగిలించి, జిల్లా పంటల పోటీలో కప్పు కొట్టాడు.

అదే పోటీకి లోరెట్టా తన పూలు తెచ్చింది. న్యాయనిర్ణేత వాసన చూసి, "ఇది కార్మాడీది కదమ్మా. కాపీ కొట్టినా కాస్త తెలివిగా కొట్టాలి" అన్నాడు. హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా డెనిస్ నవ్వాడు. వాడి పంట నాశనమైతే తప్ప తనకు కంటికి నిద్ర ఉండదని లోరెట్టాకు ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు డెనిస్ గేటు దాకా వచ్చాడు గానీ తెరవలేదు.

"తుపాకీ ఏమైనా తెచ్చావా లోరీ?"

"బ్లాక్‌బెర్రీ కేకు తెచ్చా."

"విషం కలపలేదు కదా?"

"కలిపినా నీకేం తెలుస్తుంది? నువ్వు తినేవన్నీ ఎలాగూ ఊళ్లో వాళ్లవే."

డెనిస్ పగలబడి నవ్వి గేటు తీశాడు.

"నీతో పోట్లాడే ఓపిక లేదు డెనిస్" అంది లోరెట్టా. "కేసు వేద్దామంటే లాయరు కూడా నవ్వాడు. మొక్క ఎవరిదో ఎవడు తేలుస్తాడు? ఒక్కసారి వాటిని చూపించు. చూసి పోతా."

గెలిచినవాడికి, ఓడినవాళ్లు వచ్చి చూస్తే అదో తృప్తి. డెనిస్ ముందు నడిచాడు. గ్రీన్‌హౌస్ తలుపు దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోటూ, బూట్లూ ఇక్కడే విప్పెయ్. చేతులు మోచేతి దాకా కడుక్కో."

"నా మీద అంత నమ్మకమా?"

"ఈ విషయంలో నా పెళ్లాన్నే నమ్మను. లోపలున్నవన్నీ ఆడమొక్కలు. ఎక్కడిదో మగమొక్క పుప్పొడి రవ్వంత అంటుకుందా, ప్రతి పువ్వూ గింజ పడుతుంది. గింజ పడ్డ సరుకు ఎవడు ముట్టుకుంటాడు? ఈ ఏడు నా బతుకంతా ఇందులోనే ఉంది."

లోరెట్టా కోటు విప్పింది. బూట్లు విప్పింది. అతనిచ్చిన ఉతికిన అంగీ తొడుక్కుంది. సబ్బుతో రుద్ది రుద్ది చేతులు కడుక్కుంది. డెనిస్ దగ్గరుండి చూసి, తలూపి తలుపు తీశాడు.

లోపల ఆమె మొక్కలు బారులు తీరి ఉన్నాయి. అప్పుడే పూత మొదలైంది. ప్రతి కొసనా సన్నటి తెల్లపోగులు. పండిన ఆల్‌బుకారా పళ్ల వాసన. చూడగానే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటి మీద ఆమెకు కోపం లేదు.

"కింది ఆకులు గిల్లెయ్యలేదే?" అంది. "ఇది అసలే ఒత్తుగా పెరిగే రకం. గాలి ఆడకపోతే పువ్వు లోపల్నుంచి కుళ్లుతుంది."

"తెలుసులే."

"నాకన్నానా?"

డెనిస్ వంగి ఒక కింది ఆకు గిల్లాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏం చెయ్యను లోరీ, నా చేత్తో ఏదీ ఇంత బాగా పుట్టదు" అన్నాడు. ఆ ఒక్క మాట పోటీ హాల్లో అని ఉంటే ఎంత బాగుండేది అనుకుంది లోరెట్టా.

"అబ్బా, ఏం ఉక్కరా బాబూ" అంటూ జడ విప్పి, మెడ మీంచి జుట్టు పైకెత్తి విదిలించుకుంది.

"ఉండు, ఫ్యాన్లు వేస్తా" అని డెనిస్ వెళ్లి స్విచ్చి నొక్కాడు. పెద్ద ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. ఆకులన్నీ ఒక్కసారి కదిలాయి.

లోరెట్టా ఈ చివర నుంచి ఆ చివరికి నింపాదిగా నడిచింది. ఒక్క వరసా వదల్లేదు. మొక్క మొక్కకీ వంగి వాసన చూసింది.

"బాగా నెరిసిపోయావు లోరీ" అన్నాడు డెనిస్.

"అంతా నీ పుణ్యమే."

ఇద్దరూ నవ్వుకున్నారు. బయటికొచ్చాక కోటు అతనే అందించాడు. కేకు ఆమె ముందే ఒక ముక్క కోసి తిని, చాలా బాగుందన్నాడు.

"ఇక మనసులో ఏం పెట్టుకోకు" అన్నాడు గేటు దగ్గర.

"ఏమీ లేదు డెనిస్. ఇవాళ్టితో తీరిపోయింది" అని లోరెట్టా పికప్ ఎక్కింది.

ఆ పొద్దున ఆమె తన కొట్టంలో, విచ్చుకున్న మగమొక్కల కింద తల వంచుకుని కూర్చుని, పుప్పొడి మాడు నిండా రాలే దాకా వాటిని ఒక్కొక్కటే దులిపి, ఆ తర్వాతే జడ అల్లుకుని బయలుదేరింది.