కల్తీ లేని మెరుపు

"ఇది నేను పెట్టింది కాదు సార్. నమ్మండి."

డైరెక్టరు నవ్వాడు. "పెట్టినప్పుడల్లా నువ్వు చెప్పే మాటే కదమ్మా ఇది!"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు మరి.

ఆ రేడియో టెలిస్కోపులో ఆమె ఉద్యోగమే అది. ఎక్కడో సుదూర గెలాక్సీల నుంచి రెప్పపాటు కంటే తక్కువసేపు వచ్చిపోయే రేడియో మెరుపులుంటాయి. వాటికి నకిలీలు తయారుచేసి, గుట్టుచప్పుడు కాకుండా కొలతల్లో కలిపేయాలి. కాపలా కాసేవాళ్లు మేలుకుని ఉన్నారో, కునుకు తీస్తున్నారో తేలాలి. ఎవరు గుచ్చిగుచ్చి అడిగినా నెలాఖరు దాకా ఒప్పుకోకూడదు. అందుకే అందరికీ ఆమె ‘కల్తీ మేడమ్’.

ఈ ఉదయం నిజమైనది వచ్చింది.

మధ్యాహ్నం టెలిస్కోపును మరమ్మతుకు విప్పేస్తున్నారు. మళ్లీ బిగించేసరికి ఏడాది. ఈలోగా మిగతా టెలిస్కోపులకు కబురు వెళ్లకపోతే ఆ మెరుపు జాడ దొరకదు. కబురు పంపాల్సింది డైరెక్టరే.

"ధ్రువణం చూడండి సార్," ప్రాధేయపడింది. "నా నకిలీల్లో తరంగం ఊగే దిశ కర్రలా బిగుసుకుని ఉంటుంది. ఇందులో మెరుపు వెలిగి ఆరేలోపే ఆ దిశ ఎలా తిరిగిందో చూడండి. మహా అయస్కాంతంలాంటి చచ్చిన నక్షత్రమేదో గిరగిరా తిరుగుతూ విసిరి ఉండాలి దీన్ని."

"అంటే నీకు బాగా చెయ్యి తిరిగిందన్నమాట!"

పక్కనున్న ఆపరేటరు కిసుక్కున నవ్వాడు. "పోయినసారి నీ నకిలీని చూసి మా ఆవిడకు ఫోన్ చేసి మరీ గొప్పలు పోయానక్కా. ఇంట్లో ఇప్పటికీ పరువు లేదు."

ఇన్నేళ్లూ ‘నాన్నా, పులి’ అని అరిచినందుకే జీతం. ఇవాళ నిజంగా పులి వస్తే పలికే దిక్కు లేదు.

మెడలోని కార్డు తీసి బల్లమీద పెట్టింది. అది లేనిదే నకిలీలు చేసే కంప్యూటరు తెరుచుకోదు.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి. నేను మీ కళ్లముందే కూర్చుంటా. టెలిస్కోపును అటే ఉంచండి. ఇలాంటివి కొన్ని మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇంకోసారి వస్తే నమ్ముతారా?"

"రాకపోతే?"

"రేపట్నుంచి నేను రాను."

డైరెక్టరు నవ్వు ఆగింది. "సరే. పనివాళ్లు వచ్చేదాకా."

రెండు అరచేతులూ బల్లమీద పరిచి కూర్చుంది. గది మూలనున్న టెలిస్కోపు తెరమీద ఏమీ లేదు. టీ చల్లారిపోయింది. బయట లారీ ఆగింది. ఇనుప సామాన్లు దించుతున్న చప్పుడు. మేస్త్రీ తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"ఇక చాలమ్మా," డైరెక్టరు లేచాడు.

తెర కుయ్యిమంది.

ఆయన కుర్చీ తన్నేసి పరిగెత్తాడు. తనే ధ్రువణం లెక్కకట్టాడు. అదే వంపు. అదే తిరుగుడు. ప్రపంచానికి కబురు పంపేశాడు.

"క్షమించక్కా," అన్నాడు ఆపరేటరు.

ఆమె బల్లమీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

మొదటి మెరుపు ఆకాశానిదే. రెండోదాన్ని మాత్రం అచ్చుగుద్దినట్టు తయారుచేసి, టైమరు పెట్టి, ఆ తర్వాతే ఆమె డైరెక్టరు గది తలుపు తట్టింది.