పోయినాయన సంతకం

గేదెలు కూడా దిగని ఏట్లో, తెల్లారేసరికి ఓ మనిషి నడుం లోతున నిలబడి ఉన్నాడు.

కదలడం లేదు. ఆయన చుట్టూ నీళ్లు కూడా కదలడం లేదు.

గట్టు మీద వేపపుల్ల నములుతున్న సుందరరావు మాస్టారు, తమ్ముడి కొడుకు క్రాంతి కుమార్ మోచెయ్యి పట్టుకున్నారు.

"ఎవడ్రా అది?"

"మనిషేనంటారా పెదనాన్నా?"

అనుమానం న్యాయమైనదే. ఆ ఏరు కొల్లేట్లో కలిసేలోపు మార్చే రంగులు చూసి చర్చి కిటికీ రంగుటద్దాలు సిగ్గుపడేవి. మూడేళ్లుగా అందులో దిగినవాళ్లకి ఒళ్లంతా దద్దుర్లు.

మనవరాలు నిస్సీకి ఆ ఏట్లోనే ఈత నేర్పాలని మాస్టారి కోరిక. ఏరు బాగుచెయ్యమని ఆయన రాసిన అర్జీలు ఒకదాని పక్కన ఒకటి పరిస్తే, కాలు తడవకుండా అవతలి గట్టుకి వెళ్లిపోవచ్చు.

జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఆ మనిషి గాజుసీసాలు నింపుకుని గట్టెక్కాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. సంచిలోంచి ఏవో రెండు మందులు తీసి, ఒక్కో సీసాలో చుక్కలు చుక్కలుగా వేశాడు.

నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి.

"తెల్లగా ఉన్నాయంటే మంచివేనాండీ?" అన్నాడు క్రాంతి.

"నీళ్లలో ఊపిరుంటే గోధుమరంగు తిరుగుతాయి బాబూ. తెల్లగా ఉండిపోతే చేప బతకదు."

ఆయన తల పక్కకి వంచి ఏదో విన్నాడు.

"ఇక్కడ కప్పలు అరుస్తాయా?"

రెండు వానాకాలాలుగా ఒక్క కప్పా అరవలేదు. ఆయన అడిగేదాకా ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు.

అప్పట్నుంచి గట్టు మీద ఆ నిశ్శబ్దం వినపడటం మొదలైంది.

"సుందరరావుగారిది ఈ ఊరేనాండీ? ఆయనది ఒక్క సంతకం కావాలి."

2006లో కొల్లేటి చుట్టుపక్కల అనకూడని మాట అదొక్కటే. ఆ వేసవిలో ఇలాగే ఒకడు కాగితం పట్టుకుని, పేర్లు అడిగి సంతకాలు పెట్టించుకుంటూ వచ్చాడు. వారం తిరక్కుండా పొక్లెయిన్లు వచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. అప్పట్నుంచి పేరు పెట్టి అడిగితే ఊళ్లో ఎవరూ ఉండరు. ఓటర్ల లిస్టులో ఉన్నది నాలుగొందల పన్నెండుమంది. అడిగితే నాలుగొందల పన్నెండుమందీ తణుకు వెళ్లారు.

ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క చెరువు మాస్టారిది.

"పోయాడండీ," అన్నారు మాస్టారు, తన గురించి.

కొత్తాయన ముఖం పాలిపోయింది. "అయ్యో! ఎప్పుడండీ?"

"మొన్న మంగళవారం," క్రాంతి అందుకున్నాడు. "ఊపిరాడక."

"మీరు ఆయనకేమవుతారండీ?" అని కొత్తాయన మాస్టారిని అడిగాడు.

"దగ్గరవాణ్ణేనండీ."

"చేతిరాత ముత్యాల్లా ఉంటుందండీ ఆయనది."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. క్రాంతి ఆయన చెవిలో, "చెరువు కాగితాలు చూసే వచ్చాడు పెదనాన్నా. బయటపడకండి," అన్నాడు.

"సమాధి ఒకసారి చూడొచ్చాండీ?"

అబద్ధం అంతదూరం నడవాల్సొస్తుందని క్రాంతి అనుకోలేదు. చర్చి వెనక ఉన్న కొత్త మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్లాడు. కొత్తనీటికి కొల్లేట్లోంచి ఎదురెక్కొచ్చి, ఏట్లో చచ్చి తేలిన చేపల్ని మంగళవారం రెండు ట్రాక్టర్లతో తెచ్చి పూడ్చింది అక్కడే.

"ఇంత పొడుగా?"

"మనిషి ఆజానుబాహుడండీ."

ఐదడుగులకి రెండంగుళాలు తక్కువున్న మాస్టారు నిజమేనన్నట్టు తలూపారు.

కొత్తాయన చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక మాస్టారూ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. దిబ్బ మీద ఈగ కూడా వాలలేదు. తన చావుకి తనే మౌనం పాటిస్తున్న సంగతి అప్పుడు తట్టింది ఆయనకి. వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది.

"ఏవండీ! ఇడ్లీలు చల్లారిపోతున్నాయండీ!" విక్టోరియాగారి గొంతు, ఇంటి వైపు నుంచి.

కొత్తాయన కళ్లు తెరిచాడు.

"ఆయన భార్యండీ," అన్నాడు క్రాంతి గొంతు తగ్గించి. "రోజూ ఇదే వేళకి పిలుస్తారు. వస్తారనే నమ్మకం."

కొత్తాయన కళ్లు తుడుచుకున్నాడు. జేబులోంచి తీసిన కాగితం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. సంచిలో ఉన్న సీసాలన్నీ తీసి ఒక్కొక్కటే దిబ్బ పక్కన ఒంపేశాడు.

ఆ తెల్లటి నీళ్లు ఎంతకీ ఇంకలేదు. మాస్టారి కాళ్ల దగ్గర అలాగే నిలిచిపోయాయి.

కొత్తాయన ఏలూరు బస్సెక్కాక క్రాంతి మధ్యాహ్నందాకా నవ్వుతూనే ఉన్నాడు.

మాస్టారు ఇడ్లీ ముట్టలేదు.

నెల తర్వాత, సుందరరావుగారి భార్యకి అని రాసి, విక్టోరియాగారికి ఉత్తరం వచ్చింది. అరుగు మీద కూర్చుని క్రాంతి పైకి చదివాడు.

"అమ్మా, ఆవేళ సీసాలతో మీ ఊరొచ్చిన మనిషిని. నేను ఆఫీసర్ని కాను. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో సీసాలు కడుగుతాను. సెలవు పెట్టి వచ్చాను. ఏటినీళ్లూ, అర్జీ పెట్టినాయన సంతకమూ పట్టుకొస్తే పరీక్ష చేసి పైకి రాస్తానని మా మేడంగారు ఒప్పుకున్నారు. ఆయన పోయారని చెబితే ఇక కుదరదన్నారు. నిన్నటితో నేనూ రిటైరయ్యాను."

క్రాంతి కాగితం మడవబోయాడు.

"చదవరా," అన్నారు మాస్టారు.

"సీసాలు చుట్టుకోమని మీవారి అర్జీలన్నీ మావాళ్లు నాకే పడేసేవారు. ఈ మూడేళ్లలో వాటిని చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనమ్మా."