ఏరు దాటిన బస్తాలు

“మేడమ్, కొండ శిబిరానికి తిండి అందలేదు.”

గోడౌన్ గుమ్మంలో నిలబడి ఆ మాటన్న మనిషిని ఇన్‌చార్జ్ తలెత్తి చూసింది.

ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. పిక్కల నిండా బురద. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

“ఎందుకు అందలేదు? నిన్ననే అందింది,” అంటూ ఆమె కంప్యూటర్ తెరని అతని వైపు తిప్పింది.

వరద వచ్చినప్పటి నుంచీ ఆమె పని అదే. బియ్యమైనా, పప్పైనా, ప్రతి బస్తాకీ ఒక స్టిక్కర్. లారీ ఎక్కించేముందు కాటా వేసి, స్టిక్కర్ స్కాన్ చేస్తారు. శిబిరంలో దించాక మళ్ళీ స్కాన్ చేస్తారు. అప్పుడు తెర మీద ఆ శిబిరం పేరు పచ్చగా మారుతుంది.

కొండ శిబిరం పచ్చగానే ఉంది.

“పచ్చరంగు చూస్తే కడుపు నిండదు కదండీ,” అన్నాడతను. “నేను పడవ నడుపుతాను. జ్వరాలొచ్చినవాళ్ళని అక్కణ్ణించి ఇవతలికి చేరేస్తున్నా. వాళ్ళు పొయ్యి వెలిగించి రెండు రోజులైంది.”

“నీవాళ్ళున్నారా అక్కడ?”

“ఊరు ఊరంతా ఉందండీ.”

ఆమె నిట్టూర్చింది. తనవాళ్ళ కోసం వచ్చి గోల చేసేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంది. ఇతనూ వాళ్ళలో ఒకడు.

అయినా మనసు ఊరుకోలేదు. నిన్నటి స్కాన్ ఎక్కడ జరిగిందో మ్యాప్ తెరిచి చూసింది.

చుక్క కొండ మీద లేదు. ఏటికి ఇవతల, కూలిన వంతెన పక్కన ఉంది.

వెంటనే నిన్నటి లారీ డ్రైవర్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

“వంతెన లేదు కదా మేడమ్,” అతను నీళ్ళు నమిలాడు. “అవతలివాళ్ళు వచ్చి పట్టుకెళ్తారని గట్టు మీద దించేశా. ట్రిప్పు పూర్తయినట్టు చూపించాలని స్కాన్ కొట్టేశా.”

“ఆ గట్టు మునిగిపోయిందండీ,” అన్నాడు పడవతను నెమ్మదిగా. “బస్తాలు కొట్టుకుపోతుంటే కళ్ళారా చూశా.”

ఆవరణలో ఒకే ఒక్క లారీ నిండుగా ఉంది. అది స్టేడియం శిబిరానికి వెళ్ళాలి. మిగతా లారీలు సాయంత్రానికిగాని రావు.

“ఆ లారీ కొండకి ఇప్పించండి మేడమ్.”

“బాగుందయ్యా! మరి స్టేడియంలో పిల్లలు లేరా?”

అతను మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

“ఉన్నారండీ. కానీ వాళ్ళు నిన్న రాత్రి తిన్నారు. సాయంత్రం దాకా ఓర్చుకుంటారు. కొండమీదవాళ్ళకి ఇక ఓపిక లేదు. నా పడవ ఉంది. ఒక్క గింజ తడవనివ్వను.”

“తనవాళ్ళ కోసం ఎంత ఆరాటమో!” అని గొణిగాడు హమాలీల మేస్త్రి.

పై అధికారుల్ని అడిగితే ఆ పూట కాస్తా గడిచిపోతుంది. ఆమె స్కానర్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి లేచింది.

“లారీ తియ్యండి. నేనూ వస్తున్నా.”

ఏరు ఎర్రగా, గట్లు ఒరుసుకుని పారుతోంది. బస్తాలకి టార్పాలిన్ చుట్టి పడవలో పేర్చారు.

మొదటి ఖేపులో, సరిగ్గా నడి ఏట్లో, పడవ అడ్డం తిరిగింది.

గట్టు మీద హమాలీలు కేకలు పెట్టారు.

పడవతను లేచి నిలబడి గడ మీద ఒళ్ళంతా వాల్చేశాడు. పడవ మూలిగింది, ఊగింది, మెల్లగా ముక్కు తిప్పుకుని అవతలి గట్టుకి ఆనింది.

ఇవతల మేస్త్రి వేసిన ఈలకి కొండమీద నుంచి ఈలలు బదులొచ్చాయి.

ఆ తర్వాత ఎన్ని ఖేపులు వేశాడో! చివరి ఖేపులో బస్తాల మీద ఇన్‌చార్జ్ కూడా ఎక్కి కూర్చుంది.

కొండమీదవాళ్ళు కింది నుంచి పైదాకా వరుసగా నిలబడి, చేతిమీదుగా బస్తాలు అందించుకున్నారు. పైన కాటా వేస్తే తూకం గోడౌన్లో వేసినంతే ఉంది. ఆమె ఆఖరి స్టిక్కర్ మీద స్కానర్ పెట్టింది.

కీచుమంది.

మ్యాప్ మీద చుక్క ఏరు దాటి కొండ మీద నిలబడింది.

“వచ్చేసింది!” అని ఆమె చిన్నపిల్లలా అరిచింది. ఏం వచ్చిందో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

పొయ్యిలు రాజుకున్నాయి. ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటూ నవ్వింది. “కళ్ళు మండిపోతున్నాయే అమ్మాయ్, ఈ పొగ ఎంత హాయిగా ఉందో!”

ఇన్‌చార్జ్ పడవ దగ్గరికి తిరిగొచ్చింది. అతను అప్పటికే జ్వరంతో ఉన్న ఒక గర్భిణిని పడవలో పడుకోబెడుతున్నాడు.

“మీరూ ఓ ముద్ద తిని రావచ్చు కదా?”

“ఈవిణ్ణి ఆస్పత్రికి చేర్చాలండీ,” అన్నాడు. ఇవతలి గట్టు చేరగానే ఆవిణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పేరు అడగడానికి కూడా వీలు దొరకలేదు.

సాయంత్రం లారీలు వచ్చాయి. స్టేడియం పేరూ పచ్చబడింది. అయినా ఆమెకి తృప్తి కలగలేదు. తానే అక్కడికి వెళ్ళి గరిటె పట్టుకుంది.

వరుసలో ముందు ఒకామె, ఇద్దరు ఆడపిల్లలతో నిలబడి ఉంది. చిన్నది ప్లేటు అందుకోగానే గబగబా తినసాగింది.

“లారీ ఆలస్యం చేసింది నేనేనమ్మా. పిల్లలు బాగా ఏడ్చారా?”

“ఏడ్చారు గానీ, ఏం చెప్పాలో నాకు ముందే తెలుసు మేడమ్,” అందామె నవ్వుతూ. “మన లారీ కొండకి ఇప్పించడానికి గోడౌన్‌కి వెళ్తున్నా, సాయంత్రం దాకా పిల్లల్ని ఎలాగోలా ఆడించమని మా ఆయన పొద్దున్నే చెప్పి వెళ్ళాడు, పడవ నడుపుతాడండీ, మీకు కనపడ్డాడా?”