బేగం ప్రయాణం

“బుట్ట మూత మాత్రం తియ్యబాకండి. బెదిరి దూకిందంటే మళ్ళా దొరకదు” అంది మదార్‌బీ, వెదురు బుట్టను ఒళ్ళోకి లాక్కుంటూ.

ఉదయగిరి బస్టాండులో ఆత్మకూరు బస్సు ఇంకా రాలేదు. చెక్క చెంచాలు, గరిటెలు చేసే వీధి మొత్తం పని ఆపి వచ్చి, ఆమె కూర్చున్న సిమెంటు బల్ల చుట్టూ చేరింది. బేగం ఆ వీధి పిల్లి. ఒక ఇంటిది కాదు, అందరిదీ. పాలు ఒక ఇంట్లో తాగేది, చేప ముక్క ఇంకో ఇంట్లో తినేది. నిద్ర మాత్రం మదార్‌బీ ఇంట్లో, చెక్క పొట్టు మీద. ఇప్పుడు మదార్‌బీకి చూపు తగ్గింది, చెయ్యి వణుకుతోంది. ఉలి పక్కన పెట్టేసి, ఆత్మకూరులో కూతురు రిహానా ఇంటికి వెళ్ళిపోతోంది. బేగాన్ని కూడా తీసుకుపోతున్నానని నిన్న వీధిలో చెప్పింది.

అంతకుముందే ఇంకో మాట చెప్పి ఉంది. “నన్ను సాగనంపను ఎవురూ రాబాకండి. ఏడుపు మొహం ఒక్కటి కనపడినా బస్సు దిగేస్తాను.” అన్నంత పనీ చేసే మనిషి. ఆ వీధిలో సగం మందికి ఉలి పట్టడం నేర్పింది ఆమే. అయినా ఇన్నేళ్ళలో ఆమెను ఎదురుగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. పనిచేసే మనిషిని ముఖం మీదే పొగిడితే ఆ చేతికి దిష్టి తగులుతుందని వాళ్ళ నమ్మకం. పొరపాటున ఎవరైనా నోరు జారితే మదార్‌బీ తిట్లు లంకించుకునేది.

“మేమేం నీకోసం రాలేదులే అక్కా. బేగాన్ని చూసి పోదామని వచ్చినాం” అన్నాడు గొర్రెల కాపరి వెంగయ్య.

“చూసి పొండి. నాకేం?”

సాయిరా మాత్రం అందరి వెనకా నిలబడిపోయింది. చిన్నప్పుడు మదార్‌బీ దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా కొట్టు నడుపుతున్న మనిషి. బస్సు కదిలేలోపు ఒక మాట చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని భయంగా ఉంది.

వెంగయ్య ముందుకు వచ్చి బుట్ట మీద చెయ్యి వేశాడు. “మా ఇంటిది ఆదిశేషమ్మకి బాగలేక నెల్లూరు ఆసుపత్రిలో ఉంటిమి. ఇంటికాడ బిడ్డలు ఇద్దురే. మేము తిరిగొచ్చిందాకా వాళ్ళ తలకాడ కూర్చునింది ఇదే. కన్నతల్లి కూడా అట్ట కనిపెట్టుకోని ఉండదు.” చంకలోంచి కొత్త గొంగళి తీసి ఆమె పక్కన పెట్టాడు. “చలికాలం దీన్ని కప్పు.”

“పిల్లికి కొత్త గొంగళా? నీకేమన్నా పిచ్చా?”

“నా గొర్రెలు, నా బొచ్చు, నా ఇష్టం.”

పెద్ద పనివాడు ఖాదర్ బాషా గొంతు సవరించుకున్నాడు. “ఏడేడి ఊర్ల నుంచో మన పని చూడను వస్తారు. వచ్చినోళ్ళు మొదట అడిగేది బేగాన్నే. మాది ఉదయగిరి అని మనం రొమ్ము విరుచుకోని చెప్పుకుంటా ఉండామంటే, అది దీని చలవే.”

“అంత పెద్ద దుర్గం పెట్టుకోని, పేరు పిల్లి తెచ్చిందా? చాల్లే. దిష్టి తగల్తాది.”

“పిల్లికి దిష్టేంది ఖాలా! ఎంత పొగిడినా తప్పులేదు” అన్నాడు ఖాదర్ బాషా.

మదార్‌బీ కొంగు సర్దుకుని ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

“ఇంతమంది మాట్లాడతా ఉంటే ఒక్కసారన్నా అరవలేదే” అంది పూలమ్మే ఆనందమ్మ.

“రోషం. ఊరు ఇడిచి పోయేటప్పుడు నలుగురిలో నోరు తెరిచే రకం కాదు” అంది మదార్‌బీ.

బస్సు వచ్చింది. ఖాదర్ బాషా సంచులు ఎక్కించాడు. మదార్‌బీ కిటికీ పక్కన కూర్చుని బుట్టను ఒళ్ళో పెట్టుకుంది.

“ఏందవ్వా అందులో?” అన్నాడు కండక్టరు.

“పిల్లి.”

“ఆడోళ్ళకైతే ఫ్రీ. పిల్లికి టికెట్ కొట్టాల.”

“అదీ ఆడదేలే. ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయొచ్చింది.”

బస్సంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఇంజను స్టార్టయింది. సాయిరా ఒక్క పరుగున కిటికీ దగ్గరికి వచ్చి, బుట్ట వైపే చూస్తూ గబగబా మాట్లాడింది.

“బేగం, నా మొదటి చెంచా ఇరిగిపోతే ఏడస్తా కూర్చున్నాను, గుర్తుండాదా? నువ్వొచ్చి పక్కన కూర్చున్నావు. నేను మళ్ళా ఉలి పట్టిందాకా లేవలేదు. ఈ పొద్దు నేను ఇంకొకరికి పని నేర్పిస్తా ఉండానంటే నీ వల్లే. నీ పక్కన కూర్చోని నేర్చుకున్నానని ఎవురడిగినా తలెత్తుకోని చెప్తాను.”

ఏడవలేదు. కిటికీలోంచి ఒక చెక్క దువ్వెన అందించింది. “దీన్ని దువ్వేదానికి.”

మదార్‌బీ దువ్వెన పళ్ళ మీద బొటనవేలు పోనిచ్చింది. ఒకవైపు నుంచి చివరిదాకా, మళ్ళీ వెనక్కి. ఎవరేం చేసి తెచ్చినా ఏదో ఒక వంక పెట్టే మనిషి. ఈసారి వేలికి ఎక్కడా గరుకు తగల్లేదు. తలెత్తి సాయిరా ముఖంలోకి చూసింది.

“బేగానికి నచ్చింది” అంది.

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా ఒక్కరి కంట్లోనూ తడి లేదు. తిరిగాక మాత్రం వెంగయ్య తలగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. ఖాదర్ బాషా అంతటివాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సాయిరా కళ్ళు తుడుచుకుంది. “పదండి పదండి. మా ఇంట్లో బేగం ఆకలికి అరస్తా ఉంటాది.”

ఆ బుట్ట ఖాళీదని మదార్‌బీతో సహా అందరికీ తెలుసు.