అవతలి ఒడ్డు బడి

బందరు బస్సు ఉయ్యూరు దాటేసరికి రమాసుందరి ఆ మెయిల్‌ని ఆరోసారి చదివింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది.

ఇక్కడి ప్రభుత్వ బడుల్ని విదేశాల్లోని బడులతో కలిపే సంస్థలో ఆమె ఉద్యోగం. ఆఫీసు విజయవాడలో. రెండు దేశాల పిల్లలు కలిసి ఒకే ప్రాజెక్టు చేస్తారు. టీచర్లకు ఒకరి భాష ఒకరికి రాని చోట రమాసుందరి మధ్యలో ఉంటుంది. అక్కడి ఉత్తరాలు తెలుగులోకి మార్చి ఇక్కడికి, ఇక్కడివి ఇంగ్లీషులోకి మార్చి అక్కడికి పంపుతుంది.

నాగమల్లేశ్వరి ఆమెకు పోయినేడాది టీచర్ల శిక్షణలో పరిచయమైంది. బందరు అవతల, సముద్రం ఒడ్డున, చేపలు పట్టుకుని బతికే ఊళ్ళో టీచరు. బళ్ళో పద్దెనిమిది మంది పిల్లలు. ఫిన్లాండ్ బడి ఒకటి సిద్ధంగా ఉందంటే వద్దంది.

"మన సముద్రానికి అవతలి ఒడ్డున ఏ బడి ఉన్నా చాలు మేడమ్. బర్మా అయినా, థాయిలాండ్ అయినా సరే. బెస్తలుండే ఊరైతే మరీ మంచిదండి."

"ఎందుకంత పట్టుదల?"

నాగమల్లేశ్వరి దాచలేదు. మూడేళ్ళ కిందట ఆమె భర్త మణికుమార్ వేటకు వెళ్ళిన బోటు తుఫానులో చిక్కుకుంది. తోడు వెళ్ళిన ఇద్దరి శవాలు వారంలోపే ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అతనిది రాలేదు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఎనిమిది నెలలు. రేషన్ కార్డులో పేరు తీసేస్తామని వచ్చినవాళ్ళను అత్త మంగాయమ్మ వాకిట్లోంచే తిట్టి పంపింది. తాళి తియ్యమన్నందుకు పుట్టింటివాళ్ళతో నాగమల్లేశ్వరి మాటలు మానేసింది.

నెల తిరక్కుండా రమాసుందరి థాయిలాండ్‌లో ఒక బడిని వెతికి పెట్టింది. ప్రాజెక్టు పేరు 'మా ఊరి చేపలు'. ఇక్కడి పిల్లలు వంజరం బొమ్మ వేసి పంపితే, అది మా దగ్గరా ఉంది అంటూ వాళ్ళూ వేసి పంపారు. నాలుగో ఉత్తరంతో పాటు నాగమల్లేశ్వరి భర్త ఫొటో పెట్టింది. ఈ మనిషిని మీ తీరంలో ఎవరైనా చూశారా అని అడగమంది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం ఫోను. "ఏమన్నా వచ్చిందా మేడమ్?"

ఆర్నెల్లకు వచ్చింది.

రమాసుందరి బడికి చేరేసరికి మధ్యాహ్న భోజనాలైపోయాయి. చెప్పకుండా వచ్చిన మనిషిని గుమ్మంలో చూడగానే నాగమల్లేశ్వరికి అర్థమైపోయింది. పిల్లల్ని ఎక్కాలు చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చింది.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

రమాసుందరి స్తంభం పట్టుకుని, నేల చూస్తూ, ఎలాగో చెప్పింది. ఆ తుఫాను తర్వాత వాళ్ళ ఊరి ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందట. ఊరి పెద్దలు ఫొటో చూసి గుర్తుపట్టారట. ఎవరో ఏమిటో తెలియకపోయినా అప్పుడే అన్నీ పద్ధతిగా జరిపించారట.

లోపల పిల్లలు పదమూడో ఎక్కం అందుకున్నారు.

"పూడ్చారా మేడమ్?"

"లేదు. దహనమే చేశారట."

"పూలేమన్నా వేశారా?"

"వేశారట."

"ఫొటో ఏదన్నా పంపారా?"

"లేదమ్మా."

నాగమల్లేశ్వరి తలూపింది. ఎక్కం మధ్యలో ఎవరో తప్పు చదివారు. అక్కణ్నుంచే సరిదిద్దింది. అప్పుడు ఏడ్చింది.

మంగాయమ్మకు ఇద్దరూ కలిసే చెప్పారు. ఆమె గుండెలు బాదుకుంది. కాసేపటికి రమాసుందరి చేతులు రెండూ పట్టుకుంది.

"ఏ తల్లి కన్న బిడ్డలోనమ్మా, నా బిడ్డకి నిప్పెట్టారు. ఆళ్ళు సల్లగుండాల."

రమాసుందరి చేతులు విడిపించుకోలేకపోయింది.

పదో రోజుకు మళ్ళీ వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. కాలవగట్టు మీద ఆడవాళ్ళంతా నాగమల్లేశ్వరి చుట్టూ చేరారు. గాజులు తీస్తుంటే రమాసుందరి రెండడుగులు ముందుకు వేసింది. ఏదో అనబోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడింది. తాళి తీసి మంగాయమ్మ చేతిలో పెట్టారు.

అంతా అయ్యాక నాగమల్లేశ్వరి తనే వచ్చి పక్కన కూర్చుంది. తెల్లగా పాలిపోయి ఉంది గానీ, పరిచయమైనప్పట్నుంచీ ఎన్నడూ లేనంత నిదానంగా మాట్లాడింది.

"రాత్రి మా అత్త నిద్రపోయింది మేడమ్. తలుపు చప్పుడైతే లేచి కూర్చునే మనిషి."

"నువ్వు?"

"నేనూ పడుకున్నానండి." ఇటు తిరిగి అంది, "ప్రాజెక్టు మాత్రం ఆపద్దు మేడమ్. ఇక ఆ ఊరు నాకు పరాయిది కాదుగా. ఒక్కసారి వీడియో కాల్ పెట్టించండి. ఆ పిల్లలకి మా పిల్లల చేత దండం పెట్టిస్తాను. ఆ ఒడ్డు నేనూ ఒకసారి చూసుకుంటాను."

"ఆ బడివాళ్ళు మానేశారమ్మా." రమాసుందరి ఆమె ముఖంలోకి చూడలేదు. "ఈ ఏడాదికి కుదరదని రాశారు. నీకు వేరే బడి చూస్తాను."

నాగమల్లేశ్వరి లేచి కొంగు దులుపుకుంది.

"పోనీలెండి. ఆ టీచరమ్మకి నా దండాలని మాత్రం రాయండి. నా మనిషి కబురు తెలిపింది. ఆవిడ రుణం తీర్చుకోలేను."

"రాస్తాను."

బస్సు వేళయింది. నాగమల్లేశ్వరి రోడ్డు దాకా వచ్చి సాగనంపింది. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడి చేతులు జోడించింది.

పామర్రు వచ్చేలోగా రమాసుందరి ఆ మెయిల్‌తో సహా డిలీట్ చేసిన ఫొటోలో, ఆ థాయ్ బడి గేటు ముందు, అక్కడ పెళ్ళాడిన భార్య పక్కన నిలబడి, ఏడాది పాపను ఎత్తుకుని మణికుమార్ నవ్వుతున్నాడు.